కుప్ప మూసేసి ఆరేళ్లయింది, మా బోరు నీళ్లు ఇప్పుడెందుకు పసుపెక్కుతున్నాయి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. హైదరాబాద్ శివార్లలో మీ ఇల్లు. పాత మున్సిపల్ డంపింగ్ యార్డు గోడకి అర కిలోమీటరు దూరం, అదీ వాలు కింద. ఆరేళ్ల కిందట యార్డు మూసేసి, పైన మట్టి కప్పి గడ్డి పెంచారు. మీ బోరు 420 అడుగులు, కేసింగ్ (పైమట్టి కూలకుండా బోరులో దించే గొట్టం) 40 అడుగులు. రెండేళ్లుగా నీళ్లు పట్టినప్పుడు తేటగానే ఉంటున్నాయి, గంట గడిస్తే పసుపెక్కి అడుగున తుప్పు రంగు మడ్డి చేరుతోంది. చేతిమీటరు పెడితే మీ బోరులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) 1150, పక్కింటి బోరులో 600. ఆర్వో అమ్మే అతను మెషీన్ పెడితే అన్నీ పోతాయంటున్నాడు. బోరు బండి అతను ఇంకో 300 అడుగులు దింపుదామంటున్నాడు. మున్సిపాలిటీ వాళ్లు కుప్ప మూసేశాం కదా, ఇంక భయం దేనికంటున్నారు. వీధి చివర పాడుబడ్డ బావిని పూడిక తీయించి వాడుకుందామని కాలనీ పెద్దలు అంటున్నారు. ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది.

ముందు పాప సంగతి. రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆ బోరు నీళ్లు పాపకి పట్టకండి, పాలపొడి కలపకండి, ఉగ్గు వండకండి. మరగబెట్టి పట్టొచ్చు కదా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. మరగబెడితే పురుగు చస్తుంది తప్ప నైట్రేటు, సీసం, ఉప్పులు ఎక్కడికీ పోవు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి మిగిలిన నీళ్లలో అవి ఇంకాస్త చిక్కబడతాయి కూడా. నైట్రేటు ఎక్కువున్న నీళ్లతో పాలు కలిపితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలం తిరగడం డాక్టర్లకు తెలిసిన జబ్బే. ఆరు నెలల లోపు పిల్లలకు ఆ ప్రమాదం ఎక్కువ, మీ పాప ఆ వయసు దాటింది, కాబట్టి టెన్షన్ పడొద్దు. జాగ్రత్త మాత్రం తప్పదు. పెద్దవాళ్లు కూడా తాగడానికి, వంటకి జలమండలి నల్లా నీళ్లో, ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిసిన నీళ్లో వాడండి. 20 లీటర్ల క్యాన్ వేసే అతన్ని ప్లాంటు ఎక్కడుందని ఒక్కమాట అడగండి. మీ కాలనీ బోరు నీళ్లే క్యాన్‌లో తిరిగి మీ ఇంటికి వస్తుంటే డబ్బు దండగ.

ఇక అసలు విషయం. నేను భూగర్భ జలాల పనిలో ముప్పై ఏళ్లు ఉన్నాను, డంపు యార్డుల పక్కన బోర్లు చాలానే చూశాను. జనం ఎప్పుడూ రెండు ప్రశ్నలను కలిపేసి అడుగుతారు. ఈ నీళ్లు తాగొచ్చా అనేది ఒకటి. ఈ నీళ్లలోకి కుప్ప రసం, అంటే చెత్తలోంచి ఊరి కిందికి దిగే మురికి నీరు, వస్తోందా అనేది ఇంకోటి. మొదటి దానికి జవాబు తాగునీటి ప్రమాణం పట్టికలో దొరుకుతుంది. రెండోదానికి ఆ పట్టిక పనికిరాదు. ఒకే రిపోర్టును రెండు రకాలుగా చదవాలి. ఈ తేడా తెలియకే చాలా కాలనీల వాళ్లు "లిమిట్‌లోనే ఉంది" అనే ముద్ర చూసి ఇంటికెళ్లిపోతారు.

రంగు దగ్గర మొదలుపెడదాం. పట్టినప్పుడు తేటగా ఉండి గాలి తగిలాక పసుపెక్కుతోందంటే నీళ్లలో కరిగిన ఇనుము ఉంది. గాలిలోని ఆక్సిజన్ తగలగానే అది తుప్పుగా మారి కిందికి దిగుతుంది. అంటే మీ బోరు అడుగున నీళ్లలో ఆక్సిజన్ లేదు. ఎందుకు లేదన్నది చూడాలి. చెత్త కుప్పలో కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటూ ముందు ఆక్సిజన్‌ని ఖర్చు చేస్తాయి. అది అయిపోయాక నైట్రేటు మీద పడతాయి, తర్వాత మాంగనీసు, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేటు, చివరికి మీథేన్ వాయువు పుట్టే దశ. మన ఎర్రనేలకి, మొరానికి ఆ రంగు ఇచ్చేది రాళ్ల మీద, మట్టి రేణువుల మీద పూతలా పట్టి ఉండే ఇనుము తుప్పే. ఆక్సిజన్ లేని ఆ రసం దాని మీదుగా పారితే తుప్పు కరిగి నీళ్లలో కలుస్తుంది. కాబట్టి మీ బకెట్ అడుగున కనిపించేది కుప్పలోని రేకు డబ్బాల తుప్పు కాదు, చాలావరకు మీ వీధి కింది మొరానిదే. కుప్ప రసం దాన్ని కదిలించి ఉండొచ్చు, అంతే.

అయితే ఇక్కడే తొందరపడకూడదు. బోరులోకి దించిన ఇనుప పైపు తుప్పు పట్టినా ఇలాంటి మడ్డే వస్తుంది. తేడా తెలుసుకోవడం తేలిక. రాత్రంతా ఆపిన మోటారు పొద్దున వేసి, మొదటి నిమిషంలో ఒక తెల్ల సీసా, ఇరవై నిమిషాల తర్వాత ఇంకో తెల్ల సీసా పట్టండి. మూతలు తీసి గంట ఉంచండి. మొదటిది మాత్రమే ముదిరి రెండోది తేలికగా ఉంటే పైపు మీద అనుమానం. రెండూ ఒకేలా పసుపెక్కితే లోపలి నీరే అలా ఉంది. పట్టగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా అన్నది కూడా రాసిపెట్టుకోండి. ల్యాబ్‌కి చేరేలోపు ఆ వాసన పోతుంది, రిపోర్టులో కనిపించదు.

మూసేసిన కుప్ప నుంచి ఇంకా రసం ఎలా వస్తుందన్నది మున్సిపాలిటీ వాళ్ల వాదనకి జవాబు. మన దేశంలో పట్టణ చెత్తకి నిబంధనలు వచ్చిందే 2000లో. వాటి ప్రకారమైతే చెత్త కింద 90 సెంటీమీటర్ల గట్టి బంకమట్టి, దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ పొర ఉండాలి, రసాన్ని పట్టి బయటికి తీసే గొట్టాలుండాలి. మన ఊళ్ల పాత డంపుల్లో ఇవేవీ లేవు. పాత క్వారీ గుంతో, చెరువు శిఖమో, బండరాళ్ల బీడో చూసి లారీలు గుమ్మరించాయి. హైదరాబాద్ చెత్త పడే జవహర్‌నగర్ డంపు పేరు మీరు వినే ఉంటారు. అక్కడ పేరుకున్న పాత చెత్త 1.2 కోట్ల టన్నులని లెక్క కట్టారు, దాన్నే తర్వాత పొరలతో కప్పారు. ఆ చెత్త మొదట పడ్డప్పుడు కింద ఏ పొరా లేదు. పక్కనున్న మల్కారం చెరువు నల్లబడ్డ సంగతి పేపర్లు చదివే అందరికీ తెలుసు.

పైన కప్పితే కొత్త వాన లోపలికి దిగడం తగ్గుతుంది. అది మంచి పనే, దాన్ని నేను తీసిపారేయను. కానీ కప్పేనాటికే చెత్త తడిసి ముద్దయి ఉంది, ఆ తడి ఏళ్ల తరబడి కిందికి దిగుతూనే ఉంటుంది. కుప్ప అడుగు భాగం భూగర్భ నీటిమట్టంలో మునిగి ఉంటే పైన ఎంత మూత వేసినా పక్కనుంచి నీళ్లు వచ్చి దాన్ని కడుక్కుంటూ పోతాయి. టీ పొడి మూటని గ్లాసులో ముంచి, వాన పడకుండా గ్లాసు మీద గొడుగు పట్టినట్టు. పైగా అంతకుముందు పదేళ్లో ఇరవై ఏళ్లో దిగిన రసం ఇప్పటికే రాతి పగుళ్లలో దారిలో ఉంది. అది మీ బోరు దాకా రావడానికి పట్టే కాలం వేరు, కుప్ప మూసిన తేదీ వేరు. మూసిన నాలుగేళ్లకి మీకు రంగు కనిపించడం నాకేమీ వింతగా లేదు.

అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలో నార్మన్ అనే ఊళ్లో ఇలాంటి డంపే ఒకటుంది. 1920లలో మొదలైంది, కింద పొర లేదు, 1985లో మూసి పైన బంకమట్టి కప్పారు. అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ దాన్ని ఏళ్ల తరబడి పరిశోధన స్థలంగా పెట్టుకుని, చుట్టూ గొట్టపు బావులు దింపి నీళ్లు పరీక్షించింది. మూసేసి పదేళ్లు దాటాక కూడా కింద రసం తోకలా బారుగా సాగి ఉంది, అందులో అమ్మోనియా దండిగా ఉంది. కుళ్లే పదార్థం క్రమంగా తగ్గుతుంది, అమ్మోనియా మాత్రం అంత తొందరగా వదలదు. ముసలి కుప్పకి గుర్తు అదే. మన దగ్గర 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో మూసిన ల్యాండ్‌ఫిల్‌ని (కింద పొరలు వేసి పద్ధతిగా కట్టిన చెత్త గుంతని) కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలని రాశారు. అమెరికాలో ఆ గడువు 30 ఏళ్లు. మూసేస్తే పని అయిపోయేదే అయితే ఈ గడువులు దేనికి? మున్సిపాలిటీ వాళ్లని ఈ మాటే అడగండి.

అయితే నార్మన్‌కీ మనకీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ నది ఇసుక. ఇసుకలో రసం అద్దుడు కాగితం మీద సిరా పాకినట్టు ఒక దిక్కుకి, కాస్త అటూ ఇటూ విస్తరిస్తూ పోతుంది. ఎంత దూరం వచ్చిందో లెక్క కట్టొచ్చు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. రాయి లోపల నీరుండదు, రాయి పగుళ్లలో ఉంటుంది. పైన ముప్పై నలభై అడుగులో, కొన్నిచోట్ల అరవై డెబ్బై అడుగులో చీకిన (మెత్తబడి పొడిబారిన) రాయి, మొరం. దాంట్లో నీరు మెల్లగా వాలుని బట్టి కదులుతుంది. దాని కింద గట్టి బండ, అందులో అక్కడక్కడా పగుళ్లు. ఒక పగులు నేరుగా కుప్ప కింది నుంచి మీ బోరుకి గొట్టంలా వచ్చి ఉండొచ్చు. ఇరవై అడుగుల అవతల పక్కింటి బోరుకి ఆ పగులు తగలకపోవచ్చు. మీది 1150, వాళ్లది 600 కావడంలో మర్మం ఇదే కావచ్చు. అందుకే "డంపుకి ఎంత దూరం ఉంటే సేఫ్" అని ఎవరైనా అడిగితే నేను మీటర్లలో చెప్పను.

ఒకచోట నేను చూసింది చెబుతాను. ఒకే వీధిలో మూడు బోర్లు, మూడూ వేర్వేరు ఇళ్లవి. కుప్పకి దగ్గరున్నది బాగుంది, దూరంగా ఉన్న రెండూ పాడయ్యాయి. దగ్గరింటాయన ఎగతాళి చేసేవాడు, కుప్ప తప్పయితే ముందు నాదే పాడవాలి కదా అని. ఇంకొంచెం అవతల ట్యాంకర్లు నింపే పెద్ద బోరు ఒకటి ఉంది. ఎండాకాలం పగలూ రాత్రీ అది తోడుతుంటే లోపలి నీళ్లన్నీ దానివైపు మళ్లాయి, కుప్ప రసం కూడా ఆ పగులు వెంట అటే లాక్కుపోయింది, దారిలో ఉన్న రెండు ఇళ్లకీ ముట్టింది. వాన బాగా కురిసి ట్యాంకర్లు ఆగిన ఏడాది ఆ రెండు బోర్లలో ఉప్పు తగ్గింది. కాబట్టి మీ చుట్టుపక్కల రోజంతా నడిచే బోరు ఎక్కడుందో చూసి రాసిపెట్టండి. నేల వాలు చూసి భూగర్భ నీటి దిక్కు ఇదేనని తీర్మానించుకోవద్దు.

ఇప్పుడు రెండో నిందితుడు. మీ కాలనీలో డ్రైనేజీ లైను లేదని, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు ఉందని రాశారు. సెప్టిక్ ట్యాంకు కూడా క్లోరైడు ఇస్తుంది, నైట్రేటు ఇస్తుంది, టీడీఎస్ పెంచుతుంది. మీరు కుప్పని పట్టుకుంటే అధికారి సెప్టిక్ ట్యాంకుని చూపిస్తాడు, ఒక్కోసారి అతను చెప్పేదే నిజం కూడా. నా అనుభవంలో డంపు పక్క కాలనీల్లో సగం గొడవలు ఇక్కడే తెగకుండా మిగిలాయి. తేల్చాలంటే నీళ్ల రసాయనం చూడాలి.

ల్యాబ్‌కి వెళ్లి "డ్రింకింగ్ వాటర్ టెస్ట్" అని అడిగితే మామూలు ప్యాకేజీ చేసి ఇస్తారు. అది చాలదు. దానితోపాటు అమ్మోనియా, పొటాషియం, సోడియం, మాంగనీసు, బోరాన్, సీఓడీ (నీళ్లలోని కుళ్లే పదార్థాన్ని అంచనా వేసే పరీక్ష), ఈ.కొలై (మలం నుంచి వచ్చే సూక్ష్మజీవి) కావాలని విడిగా రాయించండి. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ ఒక్కసారైనా చేయించండి. పెట్రోలు, పెయింట్ల వంటి వాటి నుంచి వచ్చే తేలికగా ఆవిరయ్యే రసాయనాల పరీక్ష ఖరీదైనది. ఆ యార్డులో ఫ్యాక్టరీల చెత్త కూడా పడిందని పాతవాళ్లు చెబితేనే దాని జోలికి వెళ్లండి. ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లని తనిఖీ చేసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, మీరడిగిన ప్రతి పరీక్షకీ ఉందా అని చూడండి. కొన్ని ల్యాబ్‌లకి పది పరీక్షలకే ఉంటుంది, ముద్ర మాత్రం రిపోర్టు మొత్తం మీద కొడతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అనే ప్రభుత్వ సంస్థలో కూడా నీళ్ల పరీక్ష చేస్తారు, సూక్ష్మజీవుల సంగతికి అది అలవాటైన చోటే.

అంకెలు వచ్చాక ఇలా చదవండి. సెప్టిక్ ట్యాంకు నీరు గాలి ఆడే పైమట్టి గుండా దిగుతుంది కాబట్టి అందులోని నత్రజని చాలావరకు నైట్రేటుగా మారి వస్తుంది. అక్కడ నైట్రేటు ఎక్కువ, ఈ.కొలై కనిపించే అవకాశం ఎక్కువ, ఇనుము తక్కువ. కుప్ప రసంలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి నత్రజని అమ్మోనియాగానే ఉండిపోతుంది. అక్కడ అమ్మోనియా, ఇనుము, మాంగనీసు, పొటాషియం, బైకార్బొనేటు అన్నీ కలిసికట్టుగా పెరుగుతాయి, నైట్రేటు తక్కువుంటుంది. ఇంత జనం ఉన్న కాలనీలో నైట్రేటు మరీ తక్కువగా వస్తే సంబరపడొద్దు, దాన్ని ఎవరు తినేశారా అని అనుమానించాలి. పొటాషియం నాకు ఇష్టమైన సాక్షి. మన గ్రానైటు నీళ్లలో అది సహజంగా కొద్దిగానే ఉంటుంది, లీటరుకి పది మిల్లీగ్రాములు దాటడమే అరుదు. అది ముప్పై, నలభై అని వస్తే ఎవరో పోస్తున్నట్టే. పొలాల ఎరువుల నుంచి కూడా రావచ్చు గానీ మీ చుట్టూ పొలాల్లేవు. క్లోరైడు రాతికి అంటదు, మట్టికి అంటదు, ఎవరూ తినరు. అందుకే రసం ఎంత దూరం వచ్చిందో ముందుగా చెప్పేది అదే. ఇక ఫ్లోరైడు ఎక్కువొస్తే కుప్ప మీద వేయకండి. అది ఈ రాతి గుణం, నల్గొండ వాళ్లు తరాలుగా పడ్డ బాధ అదే.

రెండు రకాలుగా చదవాలన్నాను కదా, క్లోరైడుతో ఉదాహరణ చెబుతాను. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో లీటరుకి 250 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 1000 దాకా అనుమతి. మీకు 380 వచ్చిందనుకోండి, ల్యాబ్ వాళ్లు "అనుమతి పరిమితిలోనే" అని రాస్తారు. అది అబద్ధం కాదు. కానీ కుప్పకి ఎగువన, అదే రాతిలో ఉన్న బోరులో 60 వస్తే, మీ 380 దానంతటదే రాదు. ఆరు రెట్లు ఎక్కడిది? అందుకే ఒక్క మీ నమూనా ఇవ్వకండి. కుప్పకి ఎగువన ఒకటి, మీది, పక్కింటిది, మీకంటే దిగువన ఒకటి, కనీసం నాలుగు ఒకే రోజు ఒకే ల్యాబ్‌కి ఇవ్వండి. ఖర్చు నలుగురూ పంచుకుంటారు. ఎగువ బోరు రిపోర్టు లేకుండా వచ్చే ఏ ఫిర్యాదునైనా ఎదుటివాళ్లు రెండు నిమిషాల్లో కొట్టేస్తారు.

తాగడానికి చూడాల్సిన అంకెలు కొన్ని, అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో. నైట్రేటు 45, దీనికి సడలింపు లేదు. కొన్ని ల్యాబ్‌లు నత్రజనిగా లెక్కించి రాస్తాయి, అప్పుడు ఆ అంకెని 4.4తో గుణించాలి. 12 అని చూసి బాగుందనుకుంటే అసలు విలువ 53 అవుతుంది. అమ్మోనియా సగం మిల్లీగ్రాము, సీసం 0.01, కాడ్మియం 0.003, క్రోమియం 0.05, వీటికీ సడలింపు లేదు. మాంగనీసు 0.1, తప్పనిసరైతే 0.3. ఈ.కొలై వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

రిపోర్టు నిజాయితీ పట్టుకునే చిట్కా కూడా ఒకటుంది. నీళ్లలో ధన అయాన్ల (సోడియం, పొటాషియం వంటివి) విద్యుదావేశాల మొత్తం, రుణ అయాన్ల (క్లోరైడు, నైట్రేటు వంటివి) విద్యుదావేశాల మొత్తం సమానంగా ఉండాలి. ఇంటర్ కెమిస్ట్రీ చదివిన పిల్లలెవరైనా లెక్క కట్టి ఇస్తారు. తేడా ఐదు శాతంలోపు ఉంటే మంచి ల్యాబ్, పది దాటితే మళ్లీ చేయమనండి. కొన్నిచోట్ల తేడా సరిగ్గా సున్నా వస్తుంది. అలాంటి రిపోర్టు చూస్తే నాకు ఇంకా అనుమానం. సోడియం కొలవకుండా లెక్కతో పూడ్చేశారని అర్థం.

నమూనా పట్టడంలోనే సగం పరీక్షలు చెడిపోతాయి. కొబ్బరినూనె డబ్బాలో, కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు తెచ్చినవాళ్లని చూశాను. మోటారు ఇరవై నిమిషాలు నడిచాక, ట్యాంకులోకి, సంపులోకి, సాఫ్టెనర్‌లోకి వెళ్లకముందే బోరు పైపు దగ్గర పట్టాలి. సీసాలు ల్యాబ్ వాళ్లవే తెచ్చుకోండి. లోహాల సీసాలో కాస్త ఆమ్లం పోసి ఇస్తారు, సూక్ష్మజీవుల సీసా శుద్ధి చేసి ఇస్తారు. ఆ రెంటినీ కడగొద్దు. ఆమ్లం లేని సీసాలో పడితే ఇనుము దారిలోనే తుప్పై సీసా గోడకి అంటుకుపోతుంది, పైన తేట నీరు పరీక్షించి ఇనుము లేదని రాస్తారు. మీ ఇంట్లో కళ్లెదుట బకెట్ నిండా మడ్డి, రిపోర్టులో సున్నా! అన్నిటికీ ఒక్క సీసా చాలనే ల్యాబ్‌కి ఇవ్వకండి. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చండి. మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక నవంబరులో ఒకసారి చేయించండి. ఒక్క రోజు రిపోర్టు ఫొటో లాంటిది, అందులో నడక కనిపించదు.

చేతిమీటరు పనికిరాదా అంటే పనికొస్తుంది. అది కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతోందో మాత్రమే. ఉప్పు పెరిగిందని చెబుతుంది, అది ఏ ఉప్పో చెప్పదు. సీసం ప్రమాణానికి పదిరెట్లున్నా దాని అంకె కదలదు. కానీ నెలకోసారి ఒకే తేదీన, ఒకే మీటరుతో, బోరు దగ్గర కొలిచి క్యాలెండరు మీద రాస్తూ పోతే రెండేళ్లకి మంచి చరిత్ర తయారవుతుంది.

ఆర్వో సంగతి. ఆర్వో పొర చాలా ఉప్పుల్ని, లోహాల్ని బాగానే ఆపుతుంది, నైట్రేటుని కూడా చాలావరకు తగ్గిస్తుంది. కానీ మీ నీళ్లలో ఉన్నంత ఇనుముంటే పొర కొద్ది నెలల్లోనే పూడుకుపోతుంది. ముందు నీళ్లకి గాలి తగిలేలా చిమ్మి, ఇసుక ఫిల్టరులో ఇనుము వడగట్టాలి, ఆ తర్వాత ఆర్వో. అమ్మోనియా పూర్తిగా ఆగుతుందని, ఆవిరయ్యే రసాయనాలు ఆగుతాయని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. ఫిల్టరు పెట్టాక లోపలికి వెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండూ ల్యాబ్‌లో చేయించండి, అమ్మే అతని మీటరు అంకె సాక్ష్యం కాదు. యూవీ లైటు రసాయనాలకి ఏమీ చేయదు. ఆర్వో వదిలే చేదు నీళ్లని ఇంకుడు గుంతలోకి పంపకండి, మీ విషం మీ బోరుకే తిరిగొస్తుంది. ఇంకుడు గుంతకి ఇంటి పైకప్పు వాన నీళ్లు మాత్రమే కట్టండి. ట్యాంకులో బ్లీచింగ్ కలుపుతున్నామని రాశారు. అమ్మోనియా ఉన్న నీళ్లలో బ్లీచింగ్‌లోని క్లోరిన్ దానితోనే కలిసి ఖర్చైపోతుంది, పురుగుని చంపేందుకు పెద్దగా మిగలదు. వాసన వస్తోంది కదా, పనిచేస్తోందనుకోకండి.

లోతుగా దింపమన్న బోరు బండి అతనికి మాత్రం ఈసారి వద్దని చెప్పండి. లోతుకి పోతే మంచి నీళ్లు దొరుకుతాయన్నది సగం నిజం. మీ కేసింగ్ 40 అడుగులే. దాని చుట్టూ సిమెంటు పోయకపోతే పై చీకురాతిలోని చెడ్డ నీరు పైపు వెనకనుంచి జారి బోరులోకి పడుతూనే ఉంటుంది, ఇంకో 300 అడుగులు తవ్వినా పడుతుంది. పైగా కింద ఇంతవరకు శుభ్రంగా ఉన్న పగులు తగిలితే, పై మురికి దిగడానికి మీరే నిచ్చెన వేసినట్టవుతుంది. చెడ్డ నీరు పైనుంచే వస్తోందా, లోతు పగులు నుంచి వస్తోందా అన్నది బోరులోకి కెమెరా దించితే కొంత తెలుస్తుంది. పైనుంచే అయితే కేసింగ్‌ని గట్టి బండలోకి దింపి చుట్టూ సిమెంటు పోయించడం వల్ల గుణం కనిపించొచ్చు. చాలామంది బోరు బండ్ల వాళ్లు ఆ పని చేయరు, మనం అడగం కాబట్టి.

స్నానానికి, బట్టలకి ఈ నీళ్లు వాడుతున్నారు కదా, లోహాల రిపోర్టు వచ్చేదాకా అలాగే కానివ్వండి. పాప స్నానానికి మాత్రం వేరే నీళ్లు చూడండి, టబ్బులో నోట్లో పోసుకుంటారు. పెరట్లో ఆకుకూరలకి ఈ నీళ్లు పెట్టడం ఆపండి.

ఇక ఎవరిని అడగాలన్నది. నలుగురైదుగురు ఇళ్లవాళ్లు కలిసి సంతకాలతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మున్సిపల్ కమిషనర్‌కి, జిల్లా కలెక్టర్‌కి ఒకే అర్జీ ఇవ్వండి, ముద్ర వేసిన కాపీ దగ్గర పెట్టుకోండి. దానితోపాటు సమాచార హక్కు దరఖాస్తు వేసి రెండు కాగితాలు అడగండి. యార్డు మూసివేత ప్లాను ఒకటి, చుట్టూ భూగర్భ నీటి పరీక్షల ఫలితాలు ఒకటి. ల్యాండ్‌ఫిల్ సరిహద్దు నుంచి 50 మీటర్ల లోపు నీటిని ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత పరీక్షించాలని 2016 నిబంధనల్లోనే రాశారు. పరీక్షలు చేస్తే మీకు అంకెలు వస్తాయి, చేయకపోతే "లేవు" అని రాసిన కాగితం వస్తుంది. రెండోది ఒక్కోసారి మొదటిదానికంటే ఎక్కువ పనికొస్తుంది. మాది ల్యాండ్‌ఫిల్ కాదు, పాత డంపు, మాకు వర్తించదని ఒక జవాబు రావచ్చు. కంగారు పడకండి, పాత డంపుల మూసివేత గురించి కూడా అదే నిబంధనల్లో విడిగా రాశారు.

అర్జీలో అడగాల్సింది కూడా తెలివిగా అడగాలి. "కుప్ప తీసేయండి" అని రాస్తే అది పదేళ్ల ఫైలవుతుంది. మా వీధికి నల్లా లైను వేయండి, అది వచ్చేదాకా ట్యాంకరు పంపండి, కుప్ప చుట్టూ పరిశీలన బోర్లు వేసి ఫలితాలు బయట పెట్టండి అని రాయండి. మొదటి రెండూ చేయడం అధికారికి కూడా తేలిక. అవీ జరక్కపోతే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. అక్కడ నష్టపరిహారం కోరేందుకు కారణం మొదట ఏర్పడ్డ నాటినుంచి ఐదేళ్లు గడువు, ఇతర పర్యావరణ వివాదాలకి ఆరు నెలలే. మీకు రంగు కనిపించి రెండేళ్లయిందన్నారు కాబట్టి లాయరుని కలిస్తే ముందు తేదీల సంగతే మాట్లాడండి.

చివరగా ఆ పాత బావి. కాలనీ పెద్దలకి ఈ రాత్రే చెప్పండి, అందులోకి పూడిక తీయడానికి మనిషిని దింపొద్దని. కుప్ప కింద పుట్టే మీథేన్, బొగ్గుపులుసు వాయువు నేల పగుళ్ల వెంట పక్కకి పాకుతాయి, వాడకుండా మూసి ఉన్న బావి అడుగున చేరతాయి. మీథేన్‌కి వాసన ఉండదు, బొగ్గుపులుసు వాయువు బరువుగా అడుగునే పడుంటుంది. దిగినవాడు కిందపడితే కాపాడబోయి రెండోవాడూ దిగుతాడు, ఇద్దరూ పైకి రారు. దీపం దించి చూస్తామంటారు, మీథేన్ ఉన్నచోట దీపం ఇంకా ప్రమాదం. ఆ బావి నీళ్లు కూడా పరీక్షకి కావాలి, నిజానికి పైపొర నీరు ఎలా ఉందో చెప్పే మంచి నమూనా అదే. దానికి సీసా మెడకి రాయి కట్టి తాడుతో వదిలితే చాలు, మనిషి గట్టు మీదే నిలబడొచ్చు.